సీ క్లాస్ రోడ్డు 15 మి.మీ. అంటే మోడల్ 27 ఎందుకు చూపిస్తోంది? వైజాగ్ రోడ్డును సిమ్యులేషన్‌లోకి తేవడం ఎలా?

ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. సిములింక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో క్వార్టర్ కారు మోడల్ (ఒక చక్రం, దాని మీద పడే బాడీ భాగం), దాని మీద స్కైహుక్ కంట్రోలర్ (బాడీ ఊగకుండా డ్యాంపర్‌ను సర్దే పద్ధతి). ఐఎస్ఓ 8608 (రోడ్డు గతుకులను క్లాసులుగా విడదీసే ప్రమాణం) ప్రకారం సీ క్లాస్ రోడ్డు, వేగం గంటకు 60 కి.మీ. వైట్ నాయిస్‌ను (అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉన్న ర్యాండమ్ సిగ్నల్‌ను) ఫస్ట్ ఆర్డర్ ఫిల్టర్ గుండా పంపితే రోడ్డు ఎత్తు ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు మూలం) 27 మి.మీ. వస్తోంది, పేపర్లలో చూస్తే 15 అని ఉంది. ఇది మొదటిది. బ్రేకు వేసి కారు ఆపేసినా కింద రోడ్డు ఊగుతూనే ఉంది, ఇది రెండోది. ఫోన్‌లో ఉన్న యాక్సిలరోమీటరుతో మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా తిరిగి మన రోడ్డునే మోడల్లో పెట్టుకోవచ్చా అన్నది మూడోది.

27 లెక్క ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఇది తేలకపోతే కంట్రోలర్ ట్యూనింగ్ అంతా బూడిదలో పోసిన పన్నీరే. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

ఎన్ అంటే మీటరు పొడవులో పట్టే అలల సంఖ్య అనుకోండి. ఐఎస్ఓ చెప్పే పీఎస్‌డీ, అంటే ఏ పొడవు అలలో ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క, ఇది: జీ(ఎన్) = జీ₀ × (0.1 ÷ ఎన్)². ఇక్కడ జీ₀ అంటే ఎన్ = 0.1 దగ్గర విలువ. ఏ క్లాసుకు మధ్య విలువ 16 × 10⁻⁶, బీకి 64, సీకి 256, డీకి 1024, అంటే క్లాసు మారినప్పుడల్లా నాలుగు రెట్లు. ఎత్తు మాత్రం రెట్టింపే అవుతుంది. ఈ పీఎస్‌డీ ఒకవైపుది, అంటే ధన ఫ్రీక్వెన్సీల మీదే మొత్తం శక్తి లెక్క వేస్తారు. సిములింక్‌లో బ్యాండ్ లిమిటెడ్ వైట్ నాయిస్ బ్లాకు అడిగే నాయిస్ పవర్ రెండువైపుల పీఎస్‌డీ ఎత్తు. బ్లాకు లోపల వేరియన్స్ = నాయిస్ పవర్ ÷ శాంపిల్ టైమ్. మీరు అక్కడ 1 పెట్టారు, 0.5 ఉండాలి. దాంతో ఎత్తు 1.414 రెట్లు పెరిగింది. 27ను 1.414తో భాగించండి, 19.1 వస్తుంది. పైథాన్‌లో రాసుకునేవాళ్లు కూడా వేరియన్స్ 1 ÷ డెల్టా టీ అని పెట్టి ఇదే గుంతలో పడతారు, అక్కడ 1 ÷ (2 × డెల్టా టీ) ఉండాలి.

ఇంకా 19.1కీ పేపర్లలోని 15కీ తేడా మిగిలింది. అది తప్పు కాదు, కొలిచే హద్దు వేరు. ఐఎస్ఓ బ్యాండు ఎన్ = 0.011 నుంచి 2.83 వరకు, అంటే సుమారు 90 మీటర్ల అల నుంచి 35 సెం.మీ. అల దాకా. ఆ హద్దుల్లో పై సూత్రాన్ని ఇంటిగ్రేట్ చేస్తే సీ క్లాసుకు 15.2 మి.మీ. వస్తుంది. మీ ఫిల్టరుకు కటాఫ్ 0.011 దగ్గర ఉన్నా, దాని కిందివైపు కూడా శక్తి ఉంటుంది. లెక్క వేస్తే మొత్తం వేరియన్స్‌లో సరిగ్గా సగం 90 మీటర్లకు మించిన అలల్లోనే ఉంటుంది: మీ ఫిల్టరు లెక్కలో బ్యాండు లోపల 13.5 మి.మీ., బయట ఇంకో 13.5, వర్గాలు కూడి మూలం తీస్తే 19.1. 60 కి.మీ. వేగంలో ఆ పొడవాటి అలలు 0.18 హెర్ట్జ్ కన్నా కింద ఉంటాయి, కారు వాటి మీద పడవలా లేచి దిగుతుందే తప్ప సస్పెన్షన్‌కు ఏమీ తెలియదు.

అందుకే ఎత్తు ఆర్‌ఎంఎస్‌ను పట్టుకుని రోడ్డు సరిపోయిందో లేదో తేల్చడం నాకు నచ్చదు. నిలువు వేగం చూడండి. ఈ రకం రోడ్డుకు నిలువు వేగం పీఎస్‌డీ చదునుగా ఉంటుంది: (0.6283)² × జీ₀ × వేగం. సీ క్లాస్, సెకనుకు 16.67 మీటర్లు అయితే హెర్ట్జ్‌కు 0.00168. 0.5 నుంచి 20 హెర్ట్జ్ దాకా బ్యాండ్‌పాస్ చేసి ఆర్‌ఎంఎస్ తీస్తే సెకనుకు 0.18 మీటర్లు రావాలి. మీకు 0.26 దగ్గర వస్తే నాయిస్ పవర్ సరిచేయలేదన్నమాట. వాహనం మోడల్ తగిలించకముందే, ఉత్త రోడ్డు మీదే ఈ పరీక్ష చేసి తీరాలి.

అదే బ్లాకులో ఇంకో రెండు చూసుకోండి. శాంపిల్ టైమ్ డిఫాల్ట్‌గా 0.1 సెకను ఉంటుంది. అలాగే వదిలేస్తే 5 హెర్ట్జ్ పైన రోడ్డు త్వరగా సన్నగిల్లిపోతుంది, 11 హెర్ట్జ్ దగ్గరుండే వీల్ హాప్ (చక్రం ఎగిరెగిరి పడే కంపనం) దాదాపు లేవదు, కంట్రోలర్ అద్భుతంగా కనిపిస్తుంది. 0.002కు దించండి. సీడ్ (ర్యాండమ్ సంఖ్యల వరుసను మొదలుపెట్టే అంకె) డిఫాల్ట్‌గా 23341. దాన్ని మార్చని ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఒకే నాయిస్ మీద కార్లు నడుస్తున్నాయి, ఊర్లు వేరైనా గతుకులు ఒకటే.

సైన్ అలలను కూడే పద్ధతి వాడేవాళ్ల కోసం ఒక మాట. రెండు పై శక్తి కే అనే రూపంలో ఓ సూత్రం చాలా చోట్ల కాపీ అవుతూ తిరుగుతోంది. అందులో కే = 3 అంటే ఏ క్లాస్ అని రాస్తారు. అది ఏ, బీ క్లాసుల మధ్య హద్దు. ఏ క్లాస్ నడిమి విలువ కావాలంటే కే = 2.5, సీకి 4.5. కే = 5 పెట్టి సీ అంటే మీరు నడుపుతున్నది సీ, డీల హద్దు మీద. అలల మధ్య దూరం కూడా ముఖ్యం. డెల్టా ఎన్ 0.1 పెట్టి ముప్ఫై అలలు కూడితే రోడ్డు ప్రతి 10 మీటర్లకూ మళ్లీ మొదటికొస్తుంది. 60 కి.మీ. వేగంలో అది 1.67 హెర్ట్జ్, బాడీ ఫ్రీక్వెన్సీకి పక్కనే. గ్రాఫులో కనిపించే ఆ లయను చూసి కంట్రోలర్ అస్థిరంగా ఉందనుకుని గెయిన్ తగ్గిస్తూ కూర్చుంటారు. కిలోమీటరు రోడ్డు కావాలంటే డెల్టా ఎన్ = 0.001, సుమారు 2,820 అలలు. లూప్ వద్దు, ఇన్వర్స్ ఎఫ్ఎఫ్‌టీతో క్షణంలో అయిపోతుంది.

రెండో ప్రశ్న: కారు ఆగినా రోడ్డు ఊగడం. రోడ్డును టైములో పుట్టించారు కాబట్టి అలా జరుగుతోంది. రోడ్డు దూరానికి సంబంధించింది, టైముకు కాదు. వేగం మారే సిమ్యులేషన్ ఏదైనా, ఏబీఎస్, క్రూయిజ్, సిటీ డ్రైవ్, ఏదైనా సరే, ముందు దూరం మీద పట్టిక తయారుచేసి పెట్టుకోవాలి. 5 సెం.మీ.కో బిందువు చాలు. సీ క్లాసుకు లెక్క ఇంత చిన్నది:

కొత్త ఎత్తు = 0.99655 × పాత ఎత్తు + 1.59 మి.మీ. × ర్యాండమ్ సంఖ్య

ర్యాండమ్ సంఖ్య సగటు 0, వేరియన్స్ 1 ఉన్న గాసియన్. డీ క్లాసుకు 1.59 బదులు 3.17, బీకి 0.79, ఏకి 0.40. మొదటి 300 మీటర్లు పారేయండి, సున్నా నుంచి మొదలైన ప్రభావం అక్కడితో పోతుంది. తర్వాత వేగాన్ని ఇంటిగ్రేట్ చేస్తే వచ్చే దూరాన్ని లుకప్ టేబుల్‌కు ఇవ్వండి. కారు ఆగితే దూరం ఆగుతుంది, రోడ్డు కూడా ఆగుతుంది. వెనక చక్రానికి అదే పట్టికలో వీల్‌బేస్ అంత వెనక్కి చూస్తే సరి, డిలే బ్లాకులూ, డిలేను అంచనా కట్టే పాడే (Padé) సూత్రాలూ అక్కర్లేదు. లుకప్‌లో లీనియర్ ఇంటర్‌పొలేషన్ పెట్టొద్దు. ప్రతి 5 సెం.మీ.కీ వాలు టక్కున మారి, టైరుకు డ్యాంపింగ్ పెట్టి ఉంటే బలంలో మెట్లు కనిపిస్తాయి. క్యూబిక్ వాడండి.

ఫుల్ కారుకు వెళ్తే ఎడమ, కుడి చక్రాలకు రెండు పట్టికలు కావాలి. రెండూ ఒకటే పెడితే కారు పక్కకు ఒరగదు, రెండూ పూర్తిగా వేర్వేరు పెడితే పొడవాటి అలల మీద కూడా పిచ్చిగా ఒరుగుతుంది. రోడ్డు అన్ని దిక్కులా ఒకేలా ఉందనుకుంటే, రెండిటి మధ్య సంబంధం ఎక్స్ × కె₁(ఎక్స్) అని వస్తుంది. ఎక్స్ = 6.283 × ఎన్ × చక్రాల మధ్య వెడల్పు, కె₁ అంటే మారిన బెస్సెల్ ఫంక్షన్. వెడల్పు 1.2 మీటర్లయితే ఎన్ = 0.02 దగ్గర 0.97, 0.1 దగ్గర 0.71, 0.3 దగ్గర 0.23. ఈ అంకెను గామా అనుకుని, ప్రతి ఎన్ దగ్గరా కుడి స్పెక్ట్రమ్ = గామా × ఎడమ + √(1 − గామా²) × విడి నాయిస్ అని కట్టి ఇన్వర్స్ ఎఫ్ఎఫ్‌టీ చేస్తే సరిపోతుంది. పేవర్ పొడవునా పరుచుకుంటూ పోయే రోడ్డు నిజానికి అన్ని దిక్కులా ఒకేలా ఉండదు, కానీ కంట్రోలర్ పనికి ఇది చాలు.

ఇక మన రోడ్డు.

మొదటి మాట, సీ క్లాస్ అంటే సగటు ఇండియన్ రోడ్డు అన్న ఊహ వదిలేయండి. మన దగ్గర రోడ్డు శాఖలు వాడే కొలత బంప్ ఇంటిగ్రేటరు, గంటకు 32 కి.మీ. వేగంతో లాగుతూ కిలోమీటరుకు ఇన్ని మి.మీ. అని రాస్తారు. ఆ అంకెను (బీఐ) ఐఆర్ఐకి, అంటే అంతర్జాతీయ రోడ్డు గరుకుదనం సూచికకు, మార్చే సూత్రం: బీఐ = 630 × ఐఆర్ఐ^1.12. బీఐ 2000 అంటే ఐఆర్ఐ 2.8, 3000 అంటే 4.0. ఐఎస్ఓ వైపు నుంచి చూస్తే ఐఆర్ఐ సుమారుగా 0.55 × √(జీ₀ × 10⁶): ఏ క్లాస్ నడిమికి 2.2, బీకి 4.4, సీకి 8.8. అంటే బీఐ 2000 ఉన్న రోడ్డు ఏ క్లాసులోనే పడుతుంది, 3000 బీలో పడుతుంది. సీ నడిమి అంటే బీఐ 7000 దాటిపోతుంది, అది తారు లేచిపోయిన రోడ్డు. హైవే మీద ప్రయాణానికి ఆ క్లాస్ పెట్టి స్కైహుక్ ఇంత శాతం మెరుగు అని రాస్తే, చూసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

మరి కారులో కూర్చుంటే అంత కుదుపు ఎందుకు? మన రోడ్డు నిలకడగా ఉండే గాసియన్ నాయిస్ కాదు కాబట్టి. నున్నటి బీ క్లాస్ మీద అక్కడక్కడ పైపులైను కోసం అడ్డంగా తవ్వి సరిగా పూడ్చని గాడి, రోడ్డు మట్టం కన్నా దిగిపోయిన మ్యాన్‌హోల్ మూత, ప్యాచ్ అంచు, స్పీడ్ బ్రేకర్. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ లాంటి చోట్ల ఎక్స్‌పాన్షన్ జాయింట్లు. వీటన్నిటినీ పీఎస్‌డీలో కలిపేస్తే అవి కిలోమీటరు పొడవునా పరుచుకుని, అంతటా సీ క్లాస్ అయి కూర్చుంటాయి. అసలు కంట్రోలర్‌కు పరీక్ష పెట్టేది ఆ ఒక్కో దెబ్బే. కాబట్టి రెండు పొరలుగా కట్టండి: అడుగున 100 మీటర్ల ముక్కకో జీ₀ ఉన్న ర్యాండమ్ పట్టిక, దాని మీద దూరం, పొడవు, లోతు, ఏ చక్రం కింద అన్న నాలుగు అంకెలతో సంఘటనల జాబితా. వానాకాలం తర్వాత, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు తుఫాను వానలయ్యాక, ఇదే జాబితా మారిపోతుంది. ఫైలు పేరులో నెల రాసుకోండి.

ఆ దెబ్బలను పెట్టేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు చక్రాన్ని సూదిమొనలా అనుకోవడం. 20 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. లోతు గాడి తీసుకోండి. పాయింట్ కాంటాక్ట్ మోడల్లో చక్రం 8 సెం.మీ. కిందికి పడి మళ్లీ గోడెక్కుతుంది. నిజంగా 30 సెం.మీ. వ్యాసార్థం ఉన్న చక్రం రెండు అంచుల మీద వాలుతుంది, దిగేది 30 − √(30² − 10²) = 1.7 సెం.మీ. మాత్రమే. టైరు మెత్తదనం వల్ల ఇంకాస్త. గాడి వెడల్పు 15 అయితే 1 సెం.మీ. కూడా లేదు, 30 అయితే 4 సెం.మీ. లోతు 8 ఉన్నా 15 ఉన్నా ఒకటే, వెడల్పే లెక్క. అందుకని పట్టికను వాడేముందు దాని మీద చక్రం దొర్లించండి: ప్రతి బిందువు దగ్గరా అటూ ఇటూ 30 సెం.మీ. లోపల రోడ్డు ఎత్తు + √(వ్యాసార్థం² − దూరం²) − వ్యాసార్థం ఎంత పెద్దదో అదే చక్రం చూసే ఎత్తు. ఇందుకు గుంతల దగ్గర పట్టికను 1 సెం.మీ.కు సన్నం చేయాలి. టైరు బలం ఋణాత్మకం కాకుండా సున్నా దగ్గర కత్తిరించడం మరవొద్దు, లేకపోతే గుంతలోకి దిగేటప్పుడు రోడ్డు చక్రాన్ని కిందికి లాగుతుంది.

స్పీడ్ బ్రేకర్‌కు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 చెప్పే గుండ్రటి హంప్ ఇది: వ్యాసార్థం 17 మీటర్లు, పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెం.మీ., దాటే వేగం 25 కి.మీ. దీన్ని కొసైన్ వంపుగా పెట్టడం అలవాటు, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ వృత్తఖండం అంచు దగ్గర వాలు ఒక్కసారిగా 0.109కి లేస్తుంది, అంటే 6 డిగ్రీల పైన. కొసైన్‌కు అంచు దగ్గర వాలు సున్నా, నడుమ గరిష్ఠంగా 0.085. మొదటి దెబ్బ అంచులోనే ఉంది, కొసైన్ దాన్ని మింగేస్తుంది. కాలనీల్లో ఎవరికి వారు వేసుకున్న చిన్న దిబ్బలు ఈ కొలతకు దగ్గరలో కూడా ఉండవు, వాటిని టేపుతో కొలిచి పెట్టడమే.

గాజువాక వైపు స్టీల్ ప్లాంటుకు, పోర్టుకు తిరిగే లారీల బరువుకు తారు రోడ్డు మీద చక్రాల దారిలో పొడవునా పల్లం పడటం ఇంకో రకం. పొడవు దిశ పీఎస్‌డీలో అది కనిపించదు. సస్పెన్షన్ పనికి వదిలేయొచ్చు, లేన్ కీపింగ్ చేసేవాళ్లు మాత్రం అడ్డకోత కూడా పెట్టాలి. అప్పుడు ఓపెన్‌సీఆర్‌జీ ఫార్మాట్ మంచిది: రోడ్డు వెంట వంగే గ్రిడ్డు, ప్రతి గడిలో ఒక ఎత్తు. కిలోమీటరు పొడవు, 4 మీటర్ల వెడల్పు, 1 సెం.మీ. గడి అంటే 4 కోట్ల బిందువులు, బిందువుకు 4 బైట్లు వేసుకుంటే 160 మెగాబైట్లు. నగరం మొత్తం అలా చేయాలనుకోకండి. సింహాచలం ఘాట్, కైలాసగిరి లాంటి ఎత్తు పల్లాలను ఈ పట్టికలో కలపొద్దు. గ్రేడ్ వేరే పట్టిక, గురుత్వ దిశలోకి వెళ్లాలి. ఏబీఎస్ అయితే ఘర్షణ ఇంకో పట్టిక. టైరు ఘర్షణకు వాడే బుర్క్‌హార్ట్ సూత్రంలోని మూడు గుణకాలకు పొడి తారుకు 1.2801, 23.99, 0.52, తడి తారుకు 0.857, 33.822, 0.347 పెడితే గరిష్ఠ ఘర్షణ 1.17 నుంచి 0.80కి పడుతుంది, ఆ గరిష్ఠం వచ్చే స్లిప్ (చక్రం జారే పాలు) 17 శాతం నుంచి 13కి జరుగుతుంది. బీచ్ రోడ్డులో ఇసుక చేరిన చోటికి ఈ రెండూ పనికిరావు, విడిగా తక్కువ విలువ పెట్టుకోవాలి.

చివరిగా ఫోన్. ఫోన్ కొలిచేది రోడ్డును కాదు, సస్పెన్షన్ వడగట్టి ఇచ్చిన బాడీ కదలికను. దాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి రోడ్డు ఎత్తు తీయాలనుకుంటే ఏమవుతుందో చూడండి: 40 కి.మీ. వేగంలో 90 మీటర్ల అల 0.123 హెర్ట్జ్. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర యాక్సిలరేషన్‌లో 0.01 మీ./సె² తప్పు ఉంటే ఎత్తులో 17 మి.మీ. తప్పు. సీ క్లాస్ రోడ్డు మొత్తం ఎత్తే 15. అదే తప్పు 30 మీటర్ల అల దగ్గర 2 మి.మీ. లోపు. కాబట్టి 30 మీటర్లకు మించిన అలలను హైపాస్‌తో కోసేయండి, లేదా అసలు ఎత్తు జోలికే పోకండి.

ఫోన్‌తో పనికొచ్చేది ఇంకోటి ఉంది. వాహనం మోడల్ లీనియర్‌గా ఉన్నంతవరకు బాడీ యాక్సిలరేషన్ ఆర్‌ఎంఎస్ √(జీ₀ × వేగం) లెక్కన పెరుగుతుంది. ఫోన్‌ను హోల్డరులో కాకుండా సీటు పట్టాల దగ్గర నేలకు గట్టిగా అతికించండి, హోల్డరు తనే వణుకుతుంది. 100 హెర్ట్జ్‌లో రికార్డు చేసి, 100 మీటర్ల ముక్కకో ఆర్‌ఎంఎస్ తీసి, √వేగంతో భాగించండి. 20 కి.మీ. కన్నా తక్కువ వేగమున్న ముక్కలు, బ్రేకు వేసిన ముక్కలు పారేయండి. బీఐ తెలిసిన ఒక ముక్క మీద అదే కారు, అదే టైరు గాలితో తిరిగి నిష్పత్తి పట్టుకుంటే మిగతా ముక్కలకు జీ₀ వచ్చేస్తుంది. ఒక్కో దెబ్బ ఆర్‌ఎంఎస్‌ను పాడు చేయకుండా, ముక్కలో సగటు ఆర్‌ఎంఎస్‌కు నాలుగు రెట్లు దాటిన శిఖరాలను ముందే తీసి సంఘటనల జాబితాలో వేయండి. వాటి చోటు జీపీఎస్ నుంచి తీసుకుంటే, సెకనుకు ఒక ఫిక్స్ ఇచ్చే ఫోన్‌లో 40 కి.మీ. వేగానికి 11 మీటర్ల ఎడం ఉంటుంది. కనీసం మూడుసార్లు తిరిగి సగటు తీయండి. గాడి వెడల్పు, లోతు మాత్రం ఫోన్ చెప్పదు. ఉదయం ఆరింటికి ట్రాఫిక్ లేనప్పుడు టేపు పట్టుకుని దిగాల్సిందే, రిఫ్లెక్టర్ జాకెట్ వేసుకుని, వెనక ఒక మనిషిని పెట్టుకుని.